ఖాళీ గిన్నె మోసే పద్ధతి

గుడివాడలో మా తమ్ముడి సంతాప సభ సాయంత్రం ఐదింటికన్నారు. ఐదూ ఇరవైకి మైకు పనిచేసింది. అంతవరకూ హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రతి ఫ్యాను రెక్క మీదా దాత పేరు ఎర్ర రంగుతో రాయించారు. తిరుగుతున్నంతసేపూ అది ఎవరికీ కనపడదు. కరెంటు పోయినప్పుడు రెక్కలు నెమ్మదించి, పేర్లు ఒక్కొక్కటే వచ్చి ఆగాయి. ఆ మసక వెలుతురులోనే ఒక పెద్దమనిషి లేచి, మైకు లేకుండానే మా కుటుంబం గురించి మాట్లాడారు. బందరులో మా నాన్నగారు బీదల కోసం బియ్యం గది నడిపారనీ, ఊరుకాని ఊరు వచ్చి చదువుకునే పిల్లలకు వారాలిచ్చి అన్నం పెట్టారనీ, ఇవ్వడమే తప్ప పుచ్చుకోవడం తెలియని ఇల్లనీ చెప్పారు. ఆయనకి ఇదంతా చెప్పింది మా తమ్ముడే. వాడు జీవితమంతా ఈ కథ చెప్పుకున్నాడు. ఆ సంగతులు జరిగేనాటికి వాడికింకా ఊహ తెలియదు. తర్వాత అసలు సంగతి అమ్మ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. సభలో అందరూ చప్పట్లు కొట్టారు. నేను ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాను. దుఃఖం అనుకుని పక్కావిడ నా వీపు నిమిరింది. సగం దుఃఖమే.

ఆ గది మా నాన్నగారిది కాదు. మా వీధిలో కనకమ్మగారని ఒకావిడ ఉండేవారు. భర్త కోర్టులో జప్తులు చూసే అమీనుగా చేసి పోయారు. పిల్లలంటే గుడివాడలో కాపురం చేసుకుంటున్న కూతురొక్కతే. వీధిలో అందరికీ ఆవిడ పిన్నిగారు. ఒకప్పుడు మా వీధి చివరింట్లో ఒక గుమాస్తా కుటుంబం ఉండేదట. ఆయన ఉద్యోగం పోయి, పొయ్యి వెలగడం లేదని తెలిసి, పిన్నిగారు పట్టపగలు చేట నిండా బియ్యం పోసుకుని వాళ్ల గుమ్మంలోకి వెళ్లారు. అరుగుల మీద కూర్చున్నవాళ్లందరూ చూశారు. ఆ ఇంటావిడ బియ్యం పుచ్చుకుంది, దణ్ణం పెట్టింది. మర్నాడు తెల్లవారేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. ఎటు వెళ్లారో ఎవరికీ తెలియలేదు. "ఆకలికి ఓర్చుకున్న మనిషి నేను చూపించిన దయకి ఓర్చుకోలేకపోయింది" అని పిన్నిగారు మా అమ్మతో అనేవారు. ఆ చేట ఆవిడ మళ్లీ వాడలేదు.

అప్పుడు ఆవిడ ఆలోచించి పెట్టిన పద్ధతి ఇది. తన ఇంటి ముందు వీధిలోకి తలుపున్న చిన్న గదిలో ఒక పెద్ద బాన పెట్టించారు. శుక్రవారం సాయంత్రం వీధిలో ప్రతి ఇంటి ఆడమనిషీ ఒక గిన్నె మీద గుడ్డ కప్పుకుని ఆ గదికి రావాలి. ఒక్కరే లోపలికి వెళ్లి తలుపు వేసుకోవాలి. ఉన్నవాళ్లు పోస్తారు, లేనివాళ్లు తీసుకుంటారు. పోసేందుకు లేక, తీసుకునే అవసరమూ లేనివాళ్లు ఖాళీ గిన్నెతో వెళ్లి ఖాళీ గిన్నెతో రావాలి. ఈ చివరి మాట మీద ఆవిడ చాలా గట్టిగా ఉండేవారు. అందరూ వస్తేనే ఎవరు ఎందుకొచ్చారో తెలియదు. కలిగినవాళ్లు రావడం మానేస్తే గది ముష్టిగది అయిపోతుందనేవారు. ఒక ప్లీడరుగారి భార్య బద్ధకించి బియ్యం పనిమనిషి చేత పంపితే, పిన్నిగారు వెనక్కి పంపేశారు. "నీ బియ్యం కాదమ్మా నాకు కావాల్సింది, నువ్వు రావాలి" అన్నారట.

ఆ గది వల్ల మా వీధిలో ఎవరూ గొప్పవాళ్లు కాలేదు. కానీ ఇంట్లో ఇత్తడి సామాను అమ్ముకోవడానికి పొద్దున్నే బుట్టలో పెట్టుకుని బజారుకు వెళ్లే ఆడవాళ్లు కనపడటం మానేశారు. ఎవరి పిల్లలూ బడి మానలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. వీధి అంటే మా కులాలవాళ్ల వీధే. కాలువ అవతల పేటలో మాకంటే ఎక్కువ ఆకలి ఉండేది. అక్కణ్నించి ఎవరూ రాలేదు, రావచ్చని ఎవరూ అనలేదు, పిన్నిగారితో సహా. ఆ గదిని తలుచుకుని పొంగిపోబోయినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

మా ఇంట్లో బియ్యం వాసన ఎప్పుడూ ఉండేది. దివిసీమలో కోడూరు దగ్గర మాకు కాస్త చేను ఉండేది. పంట ఇంటికొచ్చే రోజుల్లో ధాన్యం పడవ మీద కాలువ రేవుకి వచ్చేది. పెరట్లో రోకళ్ల చప్పుడు, తవుడు వాసన, వేపాకు వేసి గుమ్మిలో పోస్తున్నప్పుడు గొంతులో పట్టుకునే దుమ్ము, ఇవి మా ఇంటి వైభవం. మా నాన్న హైస్కూల్లో మాస్టారు. జీతం చిన్నదైనా గుమ్మి నిండుగా ఉండేది గనక వారంలో నాలుగు రోజులు, రోజుకొకరు చొప్పున నలుగురు పిల్లలకు మా ఇంట్లో అన్నం. వాళ్లు పీటల మీద కూర్చున్నాక నాన్న వచ్చి విస్తళ్లు చూసేవారు. "మంగళవారం అబ్బాయికి నెయ్యి తక్కువ పడిందే" అనేవారు. అన్నం సంగతి ఆయనకి అంత బాగా తెలుసు. బియ్యం సంగతి తెలియదు. మా ఇళ్లల్లో మగవాళ్లు కొట్టుగదిలోకి రారు.

ఒక ఏడు పెద్ద గాలివాన వచ్చింది. సముద్రం చేలల్లోకి వచ్చి నిలిచింది. కొన్నాళ్లకు మా చేను కౌలుకు చేసే నాగేశ్వరరావు గుమ్మడికాయ ఒకటి పట్టుకుని వచ్చి అరుగు కింద నిలబడ్డాడు.

"నీళ్లు తీశాయి గానండి, మట్టి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పేనండి మాస్టారూ. నారు పోస్తే మూడో రోజుకి ఎర్రబడిపోయింది."

"పోన్లేవోయ్. నువ్వేం చేస్తావు. వచ్చే ఏడు చూద్దాం" అన్నారు నాన్న. అతనికి అన్నం పెట్టించి, కొత్త పంచె ఇప్పించి పంపారు. ఆ వచ్చే ఏడు కూడా అతను గుమ్మడికాయతోనే వచ్చాడు. నాన్న అతనితో అంతే మంచిగా మాట్లాడారు. మంగళవారం అబ్బాయి మంగళవారం వచ్చాడు.

మా అమ్మ పేరు కామాక్షి. గుమ్మి అడుగు కనపడ్డ తర్వాత వచ్చిన శుక్రవారం, ఆవిడ గిన్నెలో ఏమీ పోయకుండా గుడ్డ కప్పడం చూశాను. అంతకుముందు శుక్రవారాలు పోసేది. నేను పెద్దపిల్లని, అమ్మతో కూడా వెళ్లి గది బయట నిలబడేదాన్ని. ఆవిడ నాకేమీ చెప్పలేదు. ఖాళీ గిన్నె ఎలా మోయాలో మాత్రం నేర్పింది. వెళ్లేటప్పుడు రెండు చేతులూ అడుగున పెట్టి, పొట్టకి ఆనించుకుని, అడుగు కొంచెం బరువుగా వేయాలి. వచ్చేటప్పుడు గిన్నె నిండుగా ఉంటుంది గనక చంకలోకి జార్చి, ఒక చేత్తో పైగుడ్డ సర్దుతూ, ఎవరైనా పలకరిస్తే ఆగి మాట్లాడాలి. నిండు గిన్నెతో ఎవరూ ఆగరు కదా అని చూసేవాళ్లనుకుంటారు. ఎదురింటి సూరమ్మగారు అరుగు మీద కూర్చుని, "ఏం కామాక్షమ్మా, అంత పొదివి పట్టుకున్నావు, గిన్నెలో పిల్లిగాని దూరిందా?" అనేవారు. "దూరితే మీ ఇంట్లోదే అయ్యుంటుంది వదినగారూ, మీ పాల వాసనే వస్తోంది" అనేది అమ్మ నిలబడి నవ్వుతూ. చెయ్యి పడిపోతున్నట్టు నాకు తెలుసు. ఇంటికొచ్చి గిన్నె దింపాక మోచెయ్యి చాలాసేపు చాపేది కాదు.

అలా వచ్చిన బియ్యంతోనే నలుగురు పిల్లల విస్తళ్లు సాగాయి. నాన్న వచ్చి చూసి వెళ్లేవారు. నాకు ఆ రోజుల్లో ఆకలికంటే భయం ఎక్కువ. నాన్నకి తెలుస్తుందేమోనని భయం. ఆయన తల వంచుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

పిన్నిగారికి కళ్లు మసకబారాయి. వైద్యానికి గుడివాడ కూతురి దగ్గరికి వెళుతూ, గది తాళం చెవి తెచ్చి మా నాన్న చేతిలో పెట్టారు. వీధిలో అందరూ నమ్మే మనిషి ఆయనే. "శుక్రవారం తలుపు తీయించు నాయనా, రాత్రికి వేయించు. ఇంకేం చెయ్యక్కర్లేదు" అన్నారు. ఇంకేం చెయ్యక్కర్లేదన్న మాట మా నాన్నకి రుచించలేదు. ఆయన పత్రికలు చదివేవారు. సహకార సంఘాల గురించి, గ్రామసేవ గురించి ఆదివారం పూట మాకు చదివి వినిపించేవారు. ఒక శుక్రవారం రాత్రి గది మూయించడానికి వెళ్లి బానలోకి తొంగి చూశారు. సగానికి తక్కువ ఉంది. భోజనాల దగ్గర అమ్మతో అన్నారు:

"ఎవరు ఇస్తున్నారో తెలియదు, ఎవరు తీసుకుంటున్నారో తెలియదు. ఇచ్చినవాళ్లకి ఒక మాట మర్యాద లేదు. అవసరం లేనివాళ్లు కూడా పట్టుకుపోతున్నారేమో."

"పోతే పోనిద్దురూ" అంది అమ్మ.

"అలా అంటే ఎలాగే? బీదవాడి నోటి దగ్గర కూడు అది."

అమ్మ ఆయన విస్తట్లో మారు వడ్డించి లోపలికి వెళ్లిపోయింది.

నాన్న చేసిన ఏర్పాటు చాలా సక్రమమైనది. కళ్లాల్లో ధాన్యం కొలిచే వీరాస్వామిని పిలిపించి, శుక్రవారం గది ముందు అరుగు మీద కూర్చోబెట్టారు. తెచ్చిన బియ్యం అతను మానికతో కొలిచి బానలో పోయించాలి. తీసుకోవలసినవాళ్లు శనివారం పొద్దున మా ఇంటికి వచ్చి నాన్నతో చెప్పుకోవాలి. వీరాస్వామి పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి గట్టిగా పాడుతూ కొలవడం అలవాటైన మనిషి. మొదటి మానిక ఒకటి అనకూడదు, లాభం అనాలి. "ప్లీడరు గారింటి నుంచీ లాభం... రెండూ... మూడూ..." అని రాగం తీస్తే వీధి ఆ చివరిదాకా వినపడేది. ఇచ్చినవాళ్లకి అది నచ్చింది. పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. సూరమ్మగారి అంకె ప్లీడరుగారి అంకె దాటితే, మరుసటి శుక్రవారం ప్లీడరుగారి భార్య ఇంకో మానిక పోయించింది.

ఏర్పాటు పెట్టినవారి ఇల్లు ముందుండాలి కదా. అమ్మ కొట్టుగదిలో మిగిలినదంతా దులిపి గిన్నెలో పోసింది. "మాస్టారు గారింటి నుంచీ లాభం" అని వీరాస్వామి పాడుతుంటే నేను పక్కన నిలబడి విన్నాను. ఆ రాత్రి నాన్నకీ, తమ్ముడికీ అన్నం ఉంది. అమ్మా నేనూ గంజి తాగాం.

శనివారం పొద్దున నాన్న స్నానం చేసి, అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వచ్చినవాళ్లు మొహమాటపడకుండా ఉండటానికి ఒక చెంబుతో మజ్జిగ, పక్కన బెంచీ పెట్టించారు. తనే లేచి ఎదురువెళ్లి లోపలి గదిలో కూర్చోబెట్టి మాట్లాడాలని కూడా అనుకున్నారు. ఎవరూ రాలేదు. ఆ తర్వాత శనివారమూ రాలేదు. మూడో శనివారం ఆయన సంతోషంగా లోపలికి వచ్చారు.

"చూశావా కామాక్షీ, మన వీధిలో బీదవాళ్లే లేరు. ఇన్నాళ్లూ మనమే భ్రమపడ్డాం."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లల్లో ఉన్న వెలుగు నాకిప్పటికీ కనపడుతుంది. అంత మంచి మనిషి అంత మాట ఎలా అనగలిగారా అని ఎన్నో ఏళ్లు ఆలోచించాను. ఆయన లెక్కలో తప్పు లేదు. అడిగినవాడు బీదవాడు, అడగనివాడు కాడు. చదువుకున్నవాళ్లం మేం అలాగే లెక్క వేస్తాం.

అమ్మ అన్నం మానేసిందని నాన్నకి తెలియదు. ఆడవాళ్లు ఎప్పుడు తింటారో మగవాళ్లు చూడరు. ముందు ఉపవాసాలని చెప్పింది. తర్వాత చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. ఇంటిఖర్చు డబ్బులో కొన్న కాసిని బియ్యం నాన్నకీ, పిల్లలకే సరిపోయేవి. మంగళవారం అబ్బాయికి నెయ్యి సరిగ్గానే పడుతోంది.

పిన్నిగారు గుడివాడ నుంచి రైలు దిగి, ఇంట్లోకి కూడా వెళ్లకుండా గది దగ్గరికి వచ్చారు. నాన్న ఎదురువెళ్లి తలుపు తీసి చూపించారు. బాన అంచుదాకా నిండి, పక్కన రెండు కుండలు కూడా నిండి ఉన్నాయి.

"మీరు వెళ్లినప్పుడు సగం కూడా లేదు పిన్నిగారూ."

ఆవిడ బియ్యంలో చెయ్యి పెట్టారు. తీస్తే వేళ్లకి పురుగు అంటుకుని వచ్చింది.

"నిండిందంటే ఎవరూ తినట్లేదనేగా నాయనా" అన్నారు.

తర్వాత మా ఇంటికి వచ్చారు. అమ్మ కాళ్లకి దణ్ణం పెట్టబోతే చెయ్యి పట్టుకుని లేపారు. అమ్మ గాజులు మణికట్టు దగ్గర నిలవకుండా మోచేతిదాకా జారాయి. పిన్నిగారు వాటిని చూశారు. "కళ్లు బాగయ్యాయే, కనపడుతోంది, ఏం చేస్తాం" అన్నారు. నాన్న వైపు తిరిగి, "రేపటినించి వీరాస్వామి వద్దు. మీ ఆవిడకి నలతగా ఉంది. రేపు శుక్రవారం ఈ ఇంటి గిన్నె నువ్వే పట్టుకురా" అని వెళ్లిపోయారు. అమ్మ సంగతి ఆవిడకి అంతకుముందు తెలుసో లేదో నాకు తెలియదు. తెలుసుకోకుండా ఉండటానికే ఆవిడ ఆ ఏర్పాటంతా చేశారు.

మర్నాడు సాయంత్రం నాన్న బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. అమ్మ గుడ్డ కప్పిన గిన్నె అందించింది. అందుకోగానే ఆయన చెయ్యి పైకి లేచింది.

"ఇందులో ఏమీ లేదేమే."

"లేదండీ."

"మరి దీన్ని పట్టుకెళ్లి ఏం చెయ్యను?"

"నింపుకు రండి. నేను చేసేది అదే."

ఆయన గుడ్డ అంచు ఎత్తి గిన్నె అడుగు చూశారు.

"ఎన్నాళ్లనించి?"

"కోడూరు చేలో ఉప్పునీళ్లు నిలిచినప్పటినించి."

"మరి వారాల పిల్లలు..."

"ఆ బియ్యమే."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెప్తే వాళ్లని రావద్దంటారు. వాళ్లెక్కడికి పోతారు?" అంది అమ్మ.

నాన్న కండువా సర్దుకుని గిన్నె పట్టుకుని బయల్దేరారు. అమ్మా నేనూ తలుపు వెనక నిలబడి చూశాం. ఆయనకి ఖాళీ గిన్నె మోయడం రాదు. అంచు పట్టుకుని, బడికి పుస్తకం తీసుకెళ్లినట్టు పక్కన వేలాడదీసుకుని నడిచారు. గాలికి గుడ్డ లేచింది. సూరమ్మగారు మామూలుగా, "ఏం మాస్టారూ, ఇవాళ మీకు పడిందా డ్యూటీ?" అని మొదలుపెట్టి గిన్నె చూసి ఆగిపోయారు. నాన్న గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఎంతసేపటికీ బయటికి రాలేదు. గది ముందు ఆడవాళ్లు వచ్చి దూరంగా నిలబడ్డారు. చివరికి తలుపు తెరుచుకుంది. ఈసారి గిన్నెని రెండు చేతులతో ఛాతీకి ఎత్తి పట్టుకుని, దేవుడి పటం తెస్తున్నట్టు వీధి నడి మధ్యన నడిచి వచ్చారు. గుడ్డ కప్పడం మర్చిపోయారో, కప్పలేదో తెలియదు. సూరమ్మగారు లేచి లోపలికి వెళ్లిపోయారు. అరుగులన్నీ అలాగే ఖాళీ అయ్యాయి.

"అయ్యో, అలా పట్టుకోకూడదండీ" అంది అమ్మ. అంత చిన్నగా అంటే ఆయనకెలా వినపడుతుంది. ఇన్నాళ్లు అంత కష్టపడి కాపాడిందంతా ఆ వీధి పొడుగునా ఒలికిపోతుంటే ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడింది.

ఆ రాత్రి అమ్మ నాన్న ఎదురుగా కూర్చుని అన్నం తింది. ఆయన తినమన్నారు, తినేదాకా కూర్చున్నారు. తర్వాత శుక్రవారం, ఉద్యోగం లేని ఒక ముసలి పంతులుగారి భార్య చాలాకాలానికి గిన్నెతో కనపడింది. "మాస్టారు గారంతటివారే వెళ్లారు కదమ్మా" అంది అమ్మతో. ఆ ఒక్క మంచి జరిగింది. మిగిలింది నిలబడలేదు. పేరు పాడించుకుని ఇవ్వడం అలవాటైన చేతులకి గుడ్డ కప్పుకుని ఇవ్వడం చప్పగా తోచింది. ప్లీడరుగారి భార్య మానేసింది. తర్వాత సూరమ్మగారు మానేశారు. కలిగినవాళ్లు రాకపోవడంతో, వచ్చినవాళ్లంతా ఎందుకొస్తున్నారో అందరికీ తెలిసిపోయింది. తెలిసిపోవడంతో వాళ్లూ మానేశారు. మంగళవారం అబ్బాయి ఒకరోజు వచ్చి గుమ్మం బయటే నిలబడి, "వేరే ఇల్లు దొరికిందండీ మాస్టారూ" అన్నాడు. దొరకలేదని మాకు తర్వాత తెలిసింది. నాన్న ఆ తర్వాత గది గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. తమ్ముడు పెద్దవాడై ఆ గది సంగతి అడిగితే, "అది కనకమ్మగారిదిరా" అని మాత్రం అన్నారు. వాడు దాన్ని వినయం అనుకున్నాడు.

చిన్నప్పుడు నాకు బియ్యం తెచ్చుకున్నందుకు సిగ్గుగా ఉండేది. పెళ్లయి ఉద్యోగం చేసుకునే రోజుల్లో, ఒక మంచి పద్ధతిని మా ఇల్లు పాడు చేసినందుకు సిగ్గుపడ్డాను. గుడివాడ సభలో కలిగిన సిగ్గు వేరు. పిన్నిగారూ అమ్మా, ఆ ఇద్దరి కష్టమూ పోయి, ఇచ్చిన చేతుల కథ ఒక్కటే మిగిలింది. దానికి జనం చప్పట్లు కొడుతున్నారు, కరెంటు వచ్చి ఫ్యాన్లు తిరగడం మొదలుపెట్టాయి. లేచి చెబుదామనుకున్నాను. పోయినవాడి సభలో వాడి కథ కాదనడానికి నోరు రాలేదు.

అమ్మకి నాన్న మీద కోపం ఉండేదా అని పెద్దయ్యాక ఒకసారి అడిగాను. "కోపమెందుకే, ఆయన బియ్యం తెచ్చారు. నేర్చుకోకుండా తెచ్చారు, అంతే" అంది.

మొన్న బందరు వెళ్లినప్పుడు ఆ వీధిలో దిగాను. పిన్నిగారి గదిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. వీధి చివర రేషను దుకాణం ముందు ఆడవాళ్లు సంచులతో నిలబడి ఉన్నారు. ఇప్పుడు ఆకలి అప్పటంత లేదు, అది నిజం, అది మంచిది. లోపల వేలిముద్ర తీసుకుని పేరు గట్టిగా పిలుస్తున్నారు. పిలిచినవాళ్లు వెళ్లి తెచ్చుకుంటున్నారు. కలిగిన ఇళ్ల ఆడవాళ్లెవరూ ఆ వరసలో లేరు. అవసరం లేనివాళ్లు, అవసరమున్నవాళ్లకి తోడుగా ఊరికే వచ్చి నిలబడటం ఇప్పుడు ఎవరూ చెయ్యరు.